ఒక్క మార్కు మీద వెయ్యిమంది

తెలంగాణలో ఈఏపీసెట్ ఇంజనీరింగ్ పేపరుకు ఏటా రెండు లక్షలకు పైగా పిల్లలు కూర్చుంటున్నారు. (జనం నోట్లో అది ఇంకా ఎంసెట్టే.) పేపరు 160 మార్కులకు. రెండు లక్షల్ని 160తో భాగిస్తే ఒక్కో మార్కుకు సగటున 1,250 మంది. పిల్లలు మార్కుల మీద సమానంగా సర్దుకుని ఉండరు. పైన పలచగా, నడుమ కిక్కిరిసి ఉంటారు. కాబట్టి నడిమి మార్కుల దగ్గర ఈ సంఖ్య ఇంకా పెద్దది. తప్పు జవాబుకు మార్కు కోత ఈ పరీక్షలో లేదు. తెలియని ప్రశ్నకు కళ్లు మూసుకుని ఏదో ఒక ఆప్షన్ నొక్కినా నాలుగుసార్లలో ఒకసారి తగులుతుంది. అలా గుడ్డిగా తగిలిన ఒక్క బిట్టుతో ఒక పిల్లాడు వెయ్యిమందిని దాటిపోతాడు, తగలనివాడు అక్కడే ఉండిపోతాడు. ఇద్దరికీ వచ్చిన లెక్కలు ఒకటే, రాని లెక్కలూ ఒకటే. ఆ వెయ్యి ర్యాంకుల తేడాతో ఒకడికి పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్సు దొరుకుతుంది, రెండోవాడు ఊరవతల కాలేజీకి బస్సెక్కుతాడు.

నేను చెప్పదలచుకున్నది ఈ లెక్కలోంచే పుడుతోంది. ప్రవేశ పరీక్ష రెండు పనులు తలకెత్తుకుంది. ఇంజనీరింగో వైద్యమో చదవగల తయారీ ఎవరికి ఉంది, ఎవరికి లేదో చెప్పడం ఒకటి. ఆ తయారీ ఉన్న వేలమందిని ఒకరి వెనక ఒకరుగా వరస పెట్టడం రెండోది. మొదటి పని అది బాగానే చేస్తుంది. రెండోది, కొసన ఉన్న కొద్దిమంది సంగతి వదిలేస్తే, దాని వల్ల కాదు. మన ఇళ్లల్లో ఇంటర్ పిల్లల రెండేళ్లూ, ఆరో తరగతిలోనే మొదలయ్యే ఫౌండేషన్ కోర్సులను కలుపుకుంటే ఏడేళ్లూ, కరిగిపోతున్నది ఆ రెండో పని కోసమే.

అలాగని పరీక్షే పాపం అనేవాళ్ల జట్టులో నేను లేను. డొనేషన్ల కాలం గుర్తున్నవాళ్లెవరూ ఆ మాట అనరు. కర్ణాటకకో మహారాష్ట్రకో వెళ్లి, సూట్‌కేసు ముందు పెట్టి సీటు కొనుక్కొచ్చిన రోజులవి. ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది 1983లో. ఎంసెట్ మొదలైంది 1986లో. ప్రైవేటు కాలేజీ సీటుకు ఎంత గుంజవచ్చన్న వివాదంలో సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు కూడా మన రాష్ట్రం పేరు మీదే నడిచింది. కాంట్రాక్టరు కొడుకూ కౌలురైతు కూతురూ ఒకే పేపరు రాయడం, దిద్దేవాడికి ఇద్దరి పేర్లూ తెలియకపోవడం ఈ దేశంలో చిన్న సంగతి కాదు. సిఫార్సు ఉత్తరాలూ ఇంటర్వ్యూలూ పెడితే ఎవరికి లాభమో విడమరచి చెప్పనక్కర్లేదు. పరీక్ష ఉండాలి. దాన్నుంచి మనం ఏం పిండుకోవాలని చూస్తున్నామన్నదే నా తగాదా.

ఆ పిండడం ఎలా ఉంటుందో ఒక్క బిట్టు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ప్రశ్నకు 67 సెకన్లన్నర. బిట్ బ్యాంకుల్లో ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న ప్రశ్న ఒకటుంది: సైన్ తీటా ప్లస్ కొసెక్ తీటా 2 అయితే, ఆ రెండింటి పదో ఘాతాల మొత్తం ఎంత? కోచింగ్‌లో నలిగిన పిల్ల పెన్ను కూడా కదపదు. తీటా 90 డిగ్రీలనుకుంటుంది, సైనూ ఒకటే, కొసెక్కూ ఒకటే, ఎన్ని ఘాతాలకు పెంచినా ఒకట్లే, జవాబు 2. ఐదు సెకన్లు. మిగిలిన అరవై రెండింటినీ ముందున్న మొండి బిట్టు కోసం దాచుకుంటుంది. ఇదే లెక్కను నల్లబల్ల మీద నిదానంగా చేస్తే కథ వేరు. కొసెక్ అంటే సైన్‌కు వ్యుత్క్రమం. ఒక సంఖ్యా, దాని వ్యుత్క్రమమూ కలిసి 2 అయ్యాయి. అటూ ఇటూ సర్దితే, ఆ సంఖ్యలోంచి 1 తీసేసిన దాని వర్గం సున్నా అని తేలుతుంది. అంటే ఆ సంఖ్య 1 తప్ప ఇంకేదీ కావడానికి వీల్లేదు. ఇక్కడ ఏ పిల్లో లేచి, మొత్తం 2 కాకుండా ఒకటిన్నర అని ఇస్తే ఏమవుతుంది సార్ అని అడగవచ్చు. ఏ ధనసంఖ్య తీసుకున్నా, దానికి దాని వ్యుత్క్రమం కలిపితే 2 కంటే తగ్గదు. ఈ చిన్న నిజం దగ్గర్నుంచి అంకమధ్యమం, గుణమధ్యమం సంబంధం దాకా దారి ఉంది. అక్కడి నుంచి ఇంజనీరింగులో పదేపదే ఎదురయ్యే కనిష్ఠ విలువల లెక్కల దాకా. తరగతిలో ఇదంతా పావుగంట పని. ఆ పావుగంటలో పరీక్ష గదిలో పదమూడు బిట్లు దాటిపోతాయి.

షార్ట్‌కట్‌ను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. ఒక ప్రత్యేక విలువ పెట్టి చూడటం గణితం బాగా తెలిసినవాళ్లందరూ చేసేదే, అందులో తెలివి ఉంది. కానీ వాళ్లు పెద్ద దారిలో ఒకసారి నడిచాక అడ్డదారి పట్టారు. మన పిల్లలకు అడ్డదారే మొదటి పరిచయమవుతోంది, చాలామందికి ఆఖరి పరిచయమూ అదే. ఇంకా విచిత్రమేమిటంటే, ఈ పిల్లకు సైన్ అంటే ఏమిటో తెలుసా లేదా అన్నది ఇలాంటి ఇరవై ముప్పై ప్రశ్నల్లోనే పరీక్షకు తెలిసిపోతుంది. ఆ తరువాత వారం వారం వీకెండ్ టెస్టులు, గ్రాండ్ టెస్టులు, ఎర్రర్ లిస్టులు, తెల్లవారుజామున మొదలై రాత్రి పదిదాకా సాగే స్టడీ అవర్లు, ఇవన్నీ తెలియనిది తెలుసుకోవడానికి కాదు. తెలిసినదాన్నే 67 సెకన్లలోంచి 40 సెకన్లలోకి కుదించడానికి. మొదటి వంద మార్కులు చదువుకు వస్తాయి. ఆ పైన వచ్చే ఒక్కో మార్కూ గంటలను తింటుంది. ఆ గంటలు ఎక్కడి నుంచో తేవాలి కదా. మొదట ల్యాబు పోయింది. చాలా కాలేజీల్లో అది ప్రాక్టికల్స్ నెలలో తప్ప తెరుచుకోదన్నది ఊరందరికీ తెలిసిన రహస్యం. తరువాత తెలుగు పోయింది. ఇంటర్‌లో అంతమంది పిల్లలు రెండో భాషగా సంస్కృతం తీసుకోవడానికి కారణం కాళిదాసు మీద మమకారం కాదు, తక్కువ గంటల్లో ఎక్కువ మార్కులు రాలడం. ఆటస్థలం సంగతి ఎత్తడమే దండగ. అపార్ట్‌మెంటులో నడిచే కాలేజీకి ఆటస్థలం ఎక్కడిది?

ఇంత కష్టానికీ ఫలం ఉండదా అంటే, ఒక్కొక్కరికీ విడివిడిగా చూస్తే ఉంటుంది, అందరినీ కలిపి చూస్తే ఉండదు. ర్యాంకు అన్నది పక్కవాడితో పోల్చితే తప్ప అర్థంలేని సరుకు. ఒక పిల్ల రోజుకు రెండు గంటలు ఎక్కువ చదివితే ముందుకు జరుగుతుంది. అందరూ రెండు గంటలు ఎక్కువ చదివితే ఎవరి చోట వాళ్లే ఉంటారు, గంటలు మాత్రం పోతాయి. వేలంపాటలో పాట పెరిగినకొద్దీ సరుకు పెరగదు, అది అందరికీ తెలిసిందే. కాకపోతే అక్కడ ఓడినవాడి డబ్బు వాడి జేబులోనే ఉంటుంది. ఈ పాటలో సరుకు ఒకడికి దక్కుతుంది, పాడిన సొమ్ము అందరూ కట్టాలి. అందుకే ఈ పాటకు అడుగూ లేదు, అంచూ లేదు. హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్యగారి దగ్గర ఐఐటీ శిక్షణకు సీటు దొరకడం ఎంత గగనమైందంటే, ఆయన పెట్టే ప్రవేశ పరీక్షకు పిల్లల్ని తయారుచేసే కోచింగ్ సెంటర్లు విడిగా వెలిశాయి. అది అప్పట్లో వింతగా చెప్పుకున్న సంగతి. ఇప్పుడు కాలేజీలోని పై బ్యాచిలో చోటు కోసం పదో తరగతి సెలవుల్లోనే పరీక్ష, ఆ పరీక్ష కోసం ఎనిమిదిలోనే తయారీ. ఎవరూ వింత పడటం లేదు. బైపీసీ పిల్లలకైతే లాంగ్‌టర్మ్ పేరుతో ఇంకో ఏడు, అక్కడా తగలకపోతే మరో ఏడు.

దీనికి మొదట వచ్చే ఎదురుమాట మనందరి ఇళ్లల్లో వినిపించేదే. ఈ రుబ్బుడు లేకపోతే మన పిల్లలు ఐఐటీలకు వెళ్లేవాళ్లా, కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో ఇన్ని తెలుగు ఇళ్లు లేచేవా, కష్టపడటం తప్పెలా అవుతుంది? మాటలో బలం ఉంది. మొదటి తరం చదువుకున్న ఎన్నో కుటుంబాలు ఈ పరీక్షల మెట్లమీదే పైకి వచ్చాయి, కాదనను. అయితే ఎన్నికకూ తయారీకీ తేడా ఉంది. లక్షలమందిలోంచి చురుకైన కొన్ని వేలమందిని ఏ పద్ధతిలో ఏరినా, ఆ వేలమంది ఎక్కడికి వెళ్లినా రాణిస్తారు. ఆ గొప్ప ఏరినవాడిది కాదు. టీవీలో ఊపిరాడకుండా ఒకట్లూ రెళ్లూ మూళ్లూ చదివే ఆ కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు తెలుగువాళ్లందరికీ కంఠతా వచ్చు. వాటిలో లవం ఉంటుంది, హారం ఉండదు. ఎంతమంది చేరితే ఇంతమందికి వచ్చాయన్న ముక్క ఒక్కసారి చదివితే ఆ జోరు చప్పబడుతుంది. కష్టపడటం మంచిదే, సందేహం లేదు. కష్టం పోయి పోయి ఎక్కడ పడుతోందో అడగడం సోమరితనం కాదు.

రెండో ఎదురుమాట పరీక్షల లోతు తెలిసినవాళ్లది: లోపం పేపరులో ఉంది, పేపరు మారిస్తే సరిపోతుందంటారు. మార్చి చూశారు. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్‌లో పన్నెండో తరగతి మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చారు, 2017లో తీసేశారు. తెలంగాణ సెట్‌లో ఇంటర్ మార్కులకున్న 25 శాతం వెయిటేజీ 2023లో శాశ్వతంగా పోయింది. తమిళనాడు ఇంకా ముందుకెళ్లి, 2006లో చట్టం చేసి ప్రవేశ పరీక్షనే ఎత్తేసింది, పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లు ఇచ్చింది. ఫలితం? నామక్కల్ చుట్టుపక్కల హాస్టల్ స్కూళ్లు పదకొండో తరగతి పాఠాలను పక్కనపడేసి రెండేళ్లూ పన్నెండో తరగతి పుస్తకాన్నే రుబ్బించాయి. అది ఆపడానికి ప్రభుత్వం 2018లో పదకొండో తరగతికీ పబ్లిక్ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. పరీక్ష పోయినా రుబ్బుడు పోలేదు, ఎందుకంటే ర్యాంకు పోలేదు. దక్షిణ కొరియా ఏకంగా ట్యూషన్లనే 1980లో నిషేధించింది; చాటుగా సాగుతూనే ఉన్నాయి, 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. మన దగ్గరా నీరదారెడ్డి కమిటీ 2001లో, చక్రపాణి కమిటీ 2017లో కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల ప్రాణాలు ఎందుకు పోతున్నాయో పరిశీలించాయి. విశాఖపట్నంలో నీట్ చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచిలుగా విడగొట్టవద్దనీ, అందరి ముందూ అవమానించవద్దనీ అందులో ఉంది. ఇవన్నీ అవసరమైనవే, అమలైతే కొందరు పిల్లలు బతుకుతారు, అంతకంటే ఏం కావాలి. కానీ ఇవి హాస్టలు గదిని సరిచేస్తాయి, ఆ గదిలోకి పిల్లల్ని తోస్తున్న ధరను ముట్టుకోవు.

ఆ ధర వరసలో ఉంది. వరస నమ్మదగినదే అయితే ఎంత ధరైనా పెట్టవచ్చు. నమ్మదగినది కాదని 2024 నీట్ అందరికీ చూపించింది. ఆ ఏడు 23 లక్షలమందికి పైగా రాశారు. ఫలితాలు వచ్చిన రోజు 720కి 720తో 67 మంది మొదటి ర్యాంకులో నిలబడ్డారు. గ్రేస్ మార్కుల గొడవ తేలాక 61 మంది మిగిలారు. తరువాత ఒక భౌతికశాస్త్ర ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పరమాణువుల మీద ప్రశ్న. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్తదాని ప్రకారం ఇంకొకటి. మొదట రెండింటికీ మార్కులిచ్చారు. ఐఐటీ ఢిల్లీ నిపుణులు ఒక్కటే సరైనదన్నారు. దాంతో నాలుగు లక్షలమందికి పైగా పిల్లలకు తలా ఐదు మార్కులు పోయాయి, మొదటి ర్యాంకర్లు 17 మంది అయ్యారు. పేపరు లీకు అన్నది వేరే పాపం, దాని జోలికి ఇక్కడ వెళ్లను. లీకు లేకపోయినా, ఒక పిల్ల ఇంట్లో అక్క పాత పుస్తకం ఉందా, కొత్తది కొన్నారా అన్నదాన్ని బట్టి వేల ర్యాంకులు అటూ ఇటూ అయ్యాయి. జేఈఈ మెయిన్ సంగతి ఇంకా ముచ్చట. 75 ప్రశ్నల పేపరు. రోజుకో పేపరు, పూటకో పేపరు. వాటన్నింటినీ నార్మలైజ్ చేసి ఇచ్చే పర్సంటైల్‌లో చుక్క తరువాత ఏడు అంకెలు. కొలతబద్ద మీద గీతలు సెంటీమీటరుకు ఒకటి ఉంటే, గది పొడవును మిల్లీమీటరులో వెయ్యోవంతు దాకా రాసిచ్చే మేస్త్రీని ఎవరూ పనిలో ఉంచుకోరు.

మరి ఏం చేయాలి? ముందు ఒక గీత గీయాలి, ఈ చదువుకు ఇంత తయారీ చాలునని. ఇప్పుడు సెట్‌లో అర్హత మార్కు 25 శాతం, అంటే 160కి 40. అది గీత కిందికి రాదు, గుడ్డిగా నొక్కుకుంటూ పోయినా సగటున అన్నే తగులుతాయి. నిజమైన గీతను విషయం తెలిసిన ఉపాధ్యాయులు గీయాలి. దాని పైనున్నవాళ్లను నాలుగైదు పెద్ద బృందాలుగా చూసి, ఒక్కో బృందంలో ఉన్నవాళ్ల మధ్య సీట్లను చీటీలు తీసి పంచాలి. పై బృందానికి అవకాశం ఎక్కువ, కింది బృందానికి తక్కువ, కానీ ఎవరికీ సున్నా కాదు. ఇది నా బుర్రలోంచి ఊడిపడింది కాదు. నెదర్లాండ్స్‌లో వైద్య కళాశాలల సీట్లను 1970ల నుంచి ఇలాంటి లాటరీతోనే ఇచ్చారు. మార్కులు పెరిగినకొద్దీ అవకాశం పెరిగేది. 2017లో దాన్ని మానేశారు, 2023 నుంచి కావాలనుకున్న కాలేజీలు మళ్లీ పెట్టుకోవచ్చన్నారు. ఇలా చేస్తే గీత దాటడానికి పిల్లలు కష్టపడతారు, పడాల్సిందే. దాటాక 120 దగ్గర్నుంచి 123కి ఎగబాకడానికి ఇంకో ఏడాది ధారపోయడంలో అర్థం ఉండదు. గీతల దగ్గర తోపులాట మిగలదా అంటే మిగులుతుంది. అయితే గీతకు అటూ ఇటూ ఉన్న అవకాశాల తేడా చిన్నదైతే తోపులాటా చిన్నదవుతుంది.

అసలు అభ్యంతరం న్యాయం గురించి, అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. రాత్రింబగళ్లు చదివిన పిల్ల చేతిలో సీటు లేకుండా, చీటీ తగిలినవాడు లోపలికి వెళ్తే ఆ పిల్ల తల్లికి ఏం చెబుతాం? చెప్పగలిగినది ఒకటే: ఇప్పుడు జరుగుతున్నదీ చీటీయే. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా నొక్కినది తగలడం చీటీ. తేలిక పేపరు పడిన షిఫ్టు చీటీ. ఏ పుస్తకం కొన్నామన్నది చీటీ. తేడా ఏమిటంటే ఇప్పుడు చీటీ తగలనివాడికి అది వాడి చేతకానితనమని కూడా చెప్పి పంపిస్తున్నాం. లాటరీలో తారుమారు చేస్తారని భయపడేవాళ్లకు, కేంద్రీయ విద్యాలయాల్లో ఒకటో తరగతి సీట్లు, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఇచ్చే సీట్లు లాటరీలోనే వెళ్తున్నాయని గుర్తుచేయవచ్చు. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మూడువేలకు పైగా మద్యం దుకాణాలను పంచిందీ లాటరీతోనే. పెట్టుబడి పెట్టే ఆసాములు ఆ ఫలితాన్ని ఒప్పుకున్నారు. ఇక, మంచి కాలేజీలు గుప్పెడే ఉన్నంతకాలం ఏ పద్ధతైనా ఇంతేనంటే, నిజమే, కాదనేవాడెవడు. సెట్ ఇంజనీరింగ్ సీట్లు ఏటా ఎన్నో మిగిలిపోతున్నాయి. కొరత సీట్లకు కాదు, చదువు చెప్పే కాలేజీలకు. అవి పెరగడానికి పాతికేళ్లు పడుతుంది, ఈలోగా పదిహేడేళ్లవాళ్లు ఆగరు.

ఒక్కసారిగా లాటరీ పెట్టమని ఏ ప్రభుత్వమూ వినదు. అంతకంటే చిన్న పనితో మొదలుపెట్టవచ్చు. నార్మలైజ్ చేసిన మార్కుల్లో, పర్సంటైల్‌లో చుక్క తరువాతి అంకెలను తీసేసి ఫలితాలు ప్రకటించాలి. అప్పుడు ఎన్ని వేలమంది ఒకరికొకరు సమానమో పేపర్లో అచ్చవుతుంది, తల్లిదండ్రులు తమ కళ్లతో చూస్తారు. ఆ సమానుల్లో ముందు ఎవరన్న ప్రశ్నకు ఈఏపీసెట్ నిబంధనల్లో ఇప్పటికే జవాబు ఉంది: ముందు గణితం మార్కులు చూస్తారు, తరువాత భౌతికశాస్త్రం మార్కులు, అలా వెళ్లి వెళ్లి చివరికి పుట్టినతేదీ, వయసులో పెద్దవాడికి ముందు ర్యాంకు. ఫిబ్రవరిలో పుట్టినవాడికి కంప్యూటర్ సైన్సు, మార్చిలో పుట్టినవాడికి సివిల్ అన్న ఈ పద్ధతి మీద ఇన్నేళ్లలో ఒక్క ధర్నా జరిగినట్టు లేదు. అలా తేలేవాళ్లు ఇప్పుడు కొద్దిమంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. చుక్కలు తీసేశాక ఆ వరసలో వేలమంది నిలబడతారు. అప్పుడు పుట్టినతేదీయా, చీటీయా అన్న చర్చ విద్యామండలి గదిలోంచి బయటికి వచ్చి, టిఫిన్ సెంటర్ల దగ్గర జరుగుతుంది.